ఎర్రసిరాతో కొట్టేసిన పదకొండు అంకెలు

నల్గొండ, 16 మే 2023.

మొన్న ఆదివారం నా మనుమరాలు అక్షితతో అబద్ధమాడాను. అందుకే ఈ వీలునామా ఇప్పుడు రాస్తున్నాను. నేను సావిత్రమ్మ, వయసు 74, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ను. నా చూపు, జ్ఞాపకం సరిగ్గానే ఉన్నాయి. ఎవరి ఒత్తిడీ లేదు.

1. ఇల్లు నా కొడుకు శివకుమార్‌కు. ఈ కాగితాన్ని అమలు చేసే బాధ్యత కూడా అతనిదే.

2. ఆకుపచ్చ గద్వాల చీర కోడలు ప్రవళికకు. నాలుగుసార్లు అడిగింది; నాలుగుసార్లూ వినబడనట్టున్నాను.

3. బీరువా కింది అరలోని నోటుబుక్కు నాది కాదు, రూతమ్మది. 1984లో కాలేజీ ల్యాబులో ఆమె నాకు జూనియర్. పిల్లలు సందేహాలన్నీ ఆమె బల్ల దగ్గరికే తీసుకుపోయేవారు. నా దగ్గరికి సంతకాలకు వచ్చేవారు.

క్రోమియం ఆక్సైడ్ యాంటీఫెర్రోమాగ్నెటిక్ పదార్థం. అందులో పక్కపక్క పరమాణువుల అయస్కాంత బలాలు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వేడి సుమారు 34 డిగ్రీలు దాటితే ఆ వరుస చెదురుతుంది. మా రేకుల గదిలో మే నెల ఎండతోనే రూతమ్మ దాన్ని పట్టుకున్నది: అయస్కాంతం లాగుడు 34 దాకా పెరిగి, ఆపైన తగ్గింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తీసిన కొలతలే చెల్లుతాయని నా నియమం. మధ్యాహ్నపు పదకొండు అంకెలను ఎర్రసిరాతో కొట్టేసి, "ఎండ వల్ల తప్పు" అని రాసి సంతకం పెట్టి, నోటుబుక్కు నా దగ్గరే ఉంచుకున్నాను.

జూన్‌లో ఒక్కదాన్నే మళ్లీ కొలిచాను. రూతమ్మ అంకెలే వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. ఆమె పరిశోధన సీటుకు నా సిఫారసు కావలసి వచ్చింది, ఇవ్వలేదు. సీటు పోయింది.

అక్షిత ఇప్పుడు హైదరాబాదులో ఈ పదార్థాల మీదే పరిశోధన చేస్తున్నది. ప్రతి ఆదివారం రామన్నపేటలో రూతమ్మ ఇంటికి పోతుంది. నాకు ఫోను చేస్తుంది. మొన్న మాత్రం అక్కడినుంచి ఇటు వచ్చింది. "అవ్వా, టీచరమ్మ పాత నోటుబుక్కు నీ దగ్గర్నే ఉన్నదట గదా, జర తీసియ్యవా? ఆమె చెప్పినట్టు మా సార్లు గూడ చెప్పరు" అన్నది. చెదలు తిన్నాయన్నాను.

ఇక జరగవలసినవి:

1. నేను పోయిన వారంలోపే శివకుమార్ ఆ నోటుబుక్కును రూతమ్మ చేతికివ్వాలి.

2. పై మూడో అంశాన్ని అక్షిత ఆమె ఎదుట గట్టిగా చదవాలి. నడుమ ఆపొద్దు.

3. ఎర్రగీతలు చెరపొద్దు.

4. రూతమ్మ క్షమిస్తే క్షమించనీ. నా ఫొటో ముందుకొచ్చి మాత్రం ఆ మాట అనొద్దు. ఆ గొప్ప కూడా ఆమెకే దక్కితే నేను ఓర్చుకోలేను.

సంతకం: సావిత్రమ్మ

సాక్షులు: రాంచందర్, రిటైర్డ్ ల్యాబ్ అటెండర్; మారయ్య, పక్కింటాయన