మత్తు డాక్టరు అడిగిన ప్రశ్న

బాపట్ల,
12 ఆగస్టు 2025.

పూజ్యులైన భువనేశ్వరి అత్తయ్య గారికి నమస్కారాలు. మీరూ మామయ్య గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నేను మీ తమ్ముడు వెంకటరత్నం గారి కూతుర్ని. నా పేరు రావమ్మ. మీ అమ్మగారి పేరే పెట్టారు. మనం ఎప్పుడూ కలుసుకోలేదు. పోస్టులో వస్తే విప్పరేమోనని మీ కొట్టులో పనిచేసే యలమంద గారి చేతికి ఇస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఈ ఉదయం నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఊదుకున్నారు. మీగడ ఒక పక్కకు జరిగింది. నేను చేతిలో పుస్తకం మూసి ఆ మీగడనే చూస్తూ కూర్చున్నాను. ఊపిరి అనేది ఇంత కంటికి కనబడే వస్తువని ఇదివరకు నాకు తెలియదు.

పదిహేను రోజుల కిందట నాన్నకు కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. మత్తు డాక్టరు హడావుడిగా వచ్చి, ఏ మందులు పడవు, కట్టుడు పళ్లున్నాయా అని అడిగి, అదే గొంతుతో మీరేం కులమండీ అన్నారు. నాన్న నొప్పితో మెలికలు తిరుగుతూనే, దానికి నా దగ్గర జవాబు లేదండి అన్నారు. రేపల్లె చర్చిలో అమ్మను పెళ్లాడిన రోజు నుంచి ఆయన ఆ ప్రశ్నకు ఎక్కడా జవాబు చెప్పలేదు. డాక్టరు ఎందుకు అడిగారో చెప్పలేదు, రెట్టించలేదు. నాన్నను చూసి నాకు గర్వంగా అనిపించింది.

ఆపరేషన్ బాగానే అయింది. నాన్న ఊపిరి తీసుకోలేదు.

మమ్మల్ని లోపలికి పిలిచేసరికి ఆయన తరఫున యంత్రం ఊపిరి పీలుస్తోంది. వేలు కదలదు, రెప్ప కదలదు. కానీ కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. ఈయనకు తెలివి ఉంది అంటూ నర్సు పరుగెత్తింది. శరీరం మాత్రమే చచ్చుబడి, నాన్నకు అన్నీ వినబడుతున్నాయట. వెంటనే మళ్లీ మత్తు ఇచ్చారు. తర్వాత డాక్టరు వరండాలోకి వచ్చి అదే ప్రశ్న మళ్లీ అడిగారు. అమ్మ చెప్పింది.

"ఆయన వైశ్యులేనండి. తెనాలి. నేను మాత్రం కాదు."

డాక్టరు గోడకు ఆనుకున్నారు. "అప్పుడే చెప్పాల్సిందమ్మా. నేనడిగింది రక్తం కోసం."

గొంతులో గొట్టం వేసే ముందు కండరాలను వదులు చేసే మందు ఒకటి ఇస్తారట. మామూలుగా మన రక్తమే దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. కొందరి రక్తంలో ఆ శక్తి ఉండదు. అది ఎవరికైనా ఉండొచ్చు. తరతరాలుగా వాళ్లలో వాళ్లే, అందులోనూ మేనరికాలు చేసుకుంటూ వచ్చిన మన వాళ్లలో ఎక్కువ. అలాగని అందరికీ ఉండదు. తెలిస్తే ఆ ఒక్క మందు మానేస్తారు, అంతే.

సాయంత్రానికి నాన్న బొటనవేలు కదిలింది. తర్వాత దగ్గారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా మత్తులో పోయారా అని డాక్టరు అడిగినప్పుడు అమ్మ, మా మామగారు అంది. తాతయ్య గురించి అప్పుడే మొదటిసారి విన్నాను. నాన్న పెళ్లి కబురు తెలిసిన రోజే తాతయ్యకు వరిబీజం ఆపరేషన్ అయిందనీ, ఆయన మళ్లీ లేవలేదనీ, గుమ్మంలోకి వచ్చిన నాన్నతో మీరు ఒక మాట అన్నారనీ అమ్మ చెప్పింది.

"నీ మొహం చూడాల్సొస్తుందనే నాన్న కళ్లు తెరవలేదురా."

అత్తయ్యా, తాతయ్య రక్తం ఇప్పుడు పరీక్షకు దొరకదు. డాక్టరు గారు ఒట్టేసి చెప్పలేనన్నారు. కానీ నాన్న రిపోర్టు నిన్న వచ్చింది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ, రెండు వైపులా ఆ లోపమే వచ్చిందట. తాతయ్యను చంపింది పెళ్లి కబురు కాదు, ఆ మందే అయి ఉంటుందని డాక్టరు గారి నమ్మకం. నాకూ పరీక్ష చేశారు, ఒక వైపు నుంచే వచ్చింది. అమ్మ వైపుది మామూలుగా ఉంది. కాబట్టి మీరందరూ వద్దన్న పెళ్లి వల్ల నాకు ఆ భయం లేదు. ఇది ఎత్తిపొడుపు కాదు. రిపోర్టులో ఉన్న మాటే రాశాను.

మీకు వచ్చే వారం గర్భసంచి ఆపరేషన్ అని యలమంద గారు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం. ఆసుపత్రి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి. రక్తపరీక్ష అయ్యేదాకా బల్ల ఎక్కకండి. నాన్న రిపోర్టు కాపీ ఇందులో పెట్టాను. దాన్ని మీ డాక్టరుకు చూపించండి.

మీ మేనకోడలు,
రావమ్మ

తా.క. డాక్టరు గారు తాతయ్య సంగతి నాన్నతో చెప్పబోతే నేనే ఆపాను. ఆ మందు పడదని మాత్రమే ఆయనకు తెలుసు. మిగతాది మీ నోటితో వినాలని ఉంచాను. తాతయ్యను తనే చంపానని ఆయన ఇప్పటికీ అనుకుంటున్నారు.