వృత్తి గడి

ఇందుకూరుపేట,
జూన్ 8.

నాన్నకు,

అబిగయీలు వందనాలు. ఫోనులో ఎంత అరిచి చెప్పినా నీకు సగం వినపడదు, మిగతా సగం విని కూడా విననట్టు ఊరుకుంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం దగ్గర నీ చెవుడు సాగదు.

మా ఇల్లు పూర్తయింది. ఈ నెల ఇరవై ఆరు, శుక్రవారం ఉదయం ప్రతిష్ఠ ప్రార్థన. నువ్వు రావాలి. నా పెళ్ళయి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో అమ్మ పదిసార్లు వచ్చిపోయింది, నువ్వు మాత్రం మా గడప తొక్కలేదు. ఒకసారి బస్సు పడదన్నావు, ఒకసారి రొట్టెల బట్టీ ఆరిపోతుందన్నావు, ఫ్లోరా పుట్టినప్పుడు మోకాళ్ళన్నావు. నిరుడు చర్చి వాళ్ళతో మైపాడు వచ్చి, సముద్రం చూసి, అట్నుంచి అటే కావలి వెళ్ళిపోయావని నాకు తెలియదనుకున్నావా? అక్కడి నుంచి మా ఇంటికి ఆటోలో పావుగంట. నీ మోకాళ్ళకు సముద్రం పడుతుంది కానీ కూతురి గడప పడదన్నమాట.

నువ్వెందుకు రావో నాకు తెలుసు. తెలియనట్టు ఏడేళ్ళు నెట్టుకొచ్చాను. ఇప్పుడు చెప్పక తప్పని పరిస్థితి నా పనిలోంచే వచ్చింది. కాస్త ఓపికగా చదువు.

నేను ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద పని చేస్తానని అమ్మ చెప్పే ఉంటుంది. చేత్తో రాసిన పాత కాగితాల ఫొటోలు పంపుతారు, చూసి టైపు చేసి పంపాలి. జనవరి నుంచి కెనడాలోని ఒక పదాతి రెజిమెంటు కాగితాలు వస్తున్నాయి. తూర్పు తీరాన ఏదో చిన్న ఊరిది. నూట యాభై ఏళ్ళు నిండుతున్నాయని చరిత్ర పుస్తకం వేసుకుంటున్నారు. వాళ్ళు పూర్తికాలం సిపాయిలు కారు నాన్నా. మిలీషియా అంటారట, అచ్చం మీ టెరిటోరియల్ ఆర్మీ లాగే. పగలు ఎవరి పని వారిది, మంగళవారం సాయంత్రం ఊరి హాల్లో కవాతు, ఎండాకాలం పదిహేను రోజులు క్యాంపు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు వాళ్ళ రెజిమెంటు పేరు పక్కన పెట్టి ఏదో నంబరు పటాలంలో కలిపేశారు. అయినా ఊరివాళ్ళంతా ఒకే కంపెనీలో ఉండేట్టు పట్టుబట్టి, అలాగే ఓడెక్కి ఫ్రాన్సు పోయారు. తర్వాతెప్పుడో ఖర్చులు తగ్గించాలని పక్క ఊరి రెజిమెంటుతో కలిపారట. కలవమన్నారు, కలిశారు. టోపీ మీద బిళ్ళ మాత్రం మార్చుకోం అని పదకొండేళ్ళు పేచీ పెట్టి నెగ్గారు. ఆ ఉత్తరాలు టైపు చేస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మొండితనంలో నీకు దూరపు చుట్టాల్లా ఉన్నారు.

ఆ పుస్తకానికి ముఖ్యం ఫ్రాన్సు పోయిన వాళ్ళ పట్టిక. నాలుగు వందల పన్నెండు మంది. పేరు, వయసు, వృత్తి, ఊరు, చివరికి ఏమయ్యాడన్నది. వృత్తి గడిలో రాత గజిబిజిగా ఉంది, కొన్ని చోట్ల తడిసి చెరిగింది. నాకు విసుగొచ్చింది. సైన్యం పట్టికలో మళ్ళీ వృత్తి ఏమిటి, అందరూ సిపాయిలే కదా అనుకున్నాను. మొదటి గడిలో ‘సైనికుడు’ అని కొట్టి చివరి దాకా ఒక్క లాగు లాగాను. నాలుగు వందల పన్నెండు గడులూ ఒక్క క్షణంలో నిండాయి. పని తొందరగా తెమిలిందని ఆ పూట చేపల పులుసు తీరిగ్గా వండుకున్నాను కూడా.

పది రోజులకు ఆ పుస్తకం పని చూస్తున్న మార్గరెట్ గారి నుంచి జవాబు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ పట్టికలో ఇద్దరు కమ్మర్లు ఉన్నారు, ఒకే రోజు పోయారు అని రాసింది. ఆ తర్వాత రెండేళ్ళు వాళ్ళ ఊళ్ళో గుర్రానికి నాడా కొట్టే దిక్కు లేదట. బడి పంతులు పోయాడు, బడి మూతపడింది. దీపస్తంభం చూసుకునేవాడు ఒంటి చేత్తో తిరిగొచ్చి, ఆ ఒంటి చేత్తోనే ఇరవై ఏళ్ళు దీపం వెలిగించాడు. ఫ్రాన్సులో సరుకుల బండ్లు రాలేని వానల్లో బిస్కెట్ డబ్బాలకు మట్టి మెత్తి బట్టీ కట్టి, కంపెనీ మొత్తానికి వేడి రొట్టె పెట్టినవాడు ఆవిడ తాతగారు. ఊళ్ళో ఆయన బేకరీ నడిపేవాడు. “సైనికుడు అన్న మాట మా ఊళ్ళో అందరికీ సరిపోతుంది. ఆ గడి ఒక్కటే వీళ్ళెవరో చెబుతుంది. దయచేసి మా వాళ్ళను మాకు తిరిగి ఇవ్వండి” అని రాసింది.

ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను నాన్నా. ఆవిడ తాత కోసం కాదు, నీకోసం.

నా పెళ్ళి వివరాల కాగితం టైపు చేసింది నేనే. ‘తండ్రి: సమాధానం, ఇండియన్ ఆర్మీ, రిటైర్డ్’ అని కొట్టాను. ఏడాదికి రెండు నెలల క్యాంపు, పిలుపు వచ్చినప్పుడు వెళ్ళిన రెండేళ్ళు, అంతా కలిపితే నీ పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నువ్వు యూనిఫారం తొడిగిన రోజులు తక్కువ, పిండి పిసికిన రోజులు ఎక్కువ. ఆ పిండితోనే నన్ను డిగ్రీ చదివించావు. కానీ అవతల మామగారు శ్రీహరికోట షార్‌లో పనిచేసి రిటైరైన మనిషి, వాళ్ళ చుట్టాలంతా ఆఫీసులవాళ్ళు. బన్నులు, రస్కులు అంటే ఏమనుకుంటారో అని భయపడ్డాను. నువ్వు ఆ కాగితం చదివి, మడిచి, నా చేతికి ఇచ్చేశావు. పెళ్ళిలో కోటు మీద పతకాలు పెట్టుకోమంటే పెట్టుకున్నావు.

ఆ తర్వాత జరిగిందాని మాట మనిద్దరం ఇప్పటిదాకా ఎత్తలేదు. భోజనాల దగ్గర మన వీధి వెంకటశేషమ్మ గారు వచ్చి, మా మామగారి ఎదురుగానే, “ఏమయ్యా రొట్టెల సమాధానం, ఈ బన్నులు నువ్వు చేసినయ్యేనా?” అంది. నేను గబుక్కున అందుకుని, ఆవిడెవరో పొరబడింది అన్నాను. నువ్వు నా వైపు చూశావు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, “అవునమ్మా, పొరబడినట్టుండారు” అన్నావు. ముప్పై ఏళ్ళుగా రోజూ నీ చేతి రొట్టె తిన్న మనిషితో అన్నావు. నా పరువు కోసం నిన్ను నువ్వే కాదనుకున్నావు, నేను కాదనిపించాను. అప్పటి నుంచే నువ్వు మా గడప తొక్కడం లేదు.

నన్ను తిట్టాలంటే తిట్టు. ఇంటికి వచ్చి తిట్టు.

నీ కూతురు,
అబిగయీలు


ఇందుకూరుపేట,
జూన్ 17.

నాన్నకు వందనాలు.

నీ దగ్గర నుంచి జవాబు లేదు. అమ్మను అడిగితే, ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాడు, నాకు చూపించడం లేదు అంది. అయితే చదివావన్నమాట.

ఈలోపు రెండు పనులు చేశాను. మొదటిది, ఆ పట్టిక మొత్తం మళ్ళీ చేశాను. తడిసిన గడుల్ని పెద్దవి చేసి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, వారం రోజుల్లో పూర్తి చేశాను. పీపాలు చేసేవాడు, వలలు అల్లేవాడు, తెరచాపలు కుట్టేవాడు, చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఒకడి దగ్గర ‘ఏమీ లేదు’ అని ఉంది. అది కూడా అలాగే రాశాను. ఇప్పుడు ఆ పట్టిక చూస్తే నాకు ఒక బజారు కనిపిస్తుంది. ఆరుగురు దొరకలేదు, ఎంత చూసినా అక్షరం తేలలేదు. ఆ మాటే మార్గరెట్ గారికి రాస్తే, ఆరుగురినీ ఊళ్ళో అడిగి కనుక్కుంటానంది.

రెండో పని ఇంకా కష్టమైనది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, అన్నాల దగ్గర, మా అత్తమామలకూ నీ అల్లుడు కిషోర్ బాబుకూ అంతా చెప్పేశాను. మా నాన్న బేకరీ నడుపుతాడు, నా చిన్నప్పటి నుంచీ నడుపుతూనే ఉన్నాడు, ఆర్మీ కూడా నిజమే, దాచింది నేను అన్నాను. కిషోర్ బాబు తల వంచుకున్నాడు. అతనికి మూడేళ్ళ కిందటే అమ్మ నోటివెంట తెలిసిందట, నేనే చెప్పాలని ఆగాడట. మామగారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ ఇస్తే తీసుకుని, “రొట్టెలు చెయ్యడం తప్పా అమ్మా? ఇంతకాలం మమ్మల్ని అట్టాంటి మనుషులనుకున్నావు చూడు, అదీ బాధ” అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అత్తగారు మాత్రం, వియ్యంకుడు బేకరీవాడై ఉండి ఏడు క్రిస్మసులు మాచేత నెల్లూరులో కేకులు కొనిపించావా అని దెప్పింది. ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. ఆ దెప్పు నాకు హాయిగా ఉంది.

ఇక మా ఇంట్లో నువ్వు దాచుకోవాల్సింది ఏమీ లేదు. నీ అలవాటు చొక్కాతో రా. రాకపోతే మాత్రం ఈసారి మోకాళ్ళని చెప్పకు. నీ మీద కోపం పోలేదు అని చెప్పు, భరిస్తాను.

అబిగయీలు


కావలి,
జూన్ 20.

నా బిడ్డ అబిగయీలుకు నాన్న దీవెనలు.

రెండు ఉత్తరాలూ అందాయి. పది వాక్యాలు రాయాలంటే నాకు పది రోజులు పడుతుంది. పిండి అయితే ఈపాటికి రెండుసార్లు పొంగేది.

నువ్వు అనుకున్నది సగమే సరి. ఆ రోజు బాధ కలిగింది, లేదనను. కానీ నీ మీద కోపంతో రాకుండా ఉండలేదు. వస్తే మీ మామగారు పటాలం కబుర్లు అడుగుతాడు, నేను ఇరవైనాలుగు గంటలూ మిలట్రీవాడిలా నటించాలి. నాకు చేతకాదు. ఎక్కడో నోరు జారి మైదా రేటు మాట్లాడతాను, నీ కాపురంలో మాట వస్తుంది. రాకపోతే ఎవరికీ అబద్ధం చెప్పే పని లేదు గదా అని ఆగిపోయాను. మైపాడు వచ్చిన రోజు ఆటో కూడా మాట్లాడాను. ఎక్కి, దిగిపోయాను.

ఇంకొక సంగతి ఉంది. అది నీకు తెలియదు. తెలియాలి.

నిన్ను ఒకటో తరగతిలో చేర్చిన రోజు కాన్వెంటులో ఫారం ఇచ్చారు. నా ముందు నిలబడినవాళ్ళలో ఒకాయన లాయరు, ఒకాయన బ్యాంకు. నేను బట్టీ దగ్గర నుంచి పరుగున వచ్చాను, గోళ్ళలో పిండి ఉంది. తండ్రి వృత్తి అన్న దగ్గర పెన్ను ఆగింది. కాసేపు ఆలోచించి ‘సైనికుడు’ అని రాశాను. రాసిందాన్ని పైకి చదవమంది సిస్టరు. చదివాను. నువ్వు నా వేలు పట్టుకుని పక్కనే ఉన్నావు. బయటికొచ్చాక, నాన్నా నువ్వు రొట్టెలు చేస్తావు గదా అన్నావు. “ఆ మాట ఈడ చెప్పబాక మే” అన్నాను. నీకు ఐదేళ్ళు. నువ్వు మరిచిపోయావు, నేను మరిచిపోలేదు. పెళ్ళి కాగితం మడిచి ఇచ్చేసినప్పుడు నేను ఏమీ అనలేదంటే అందుకే. ఏ నోటితో అనేది? నేర్పినవాడిని నేనే. నువ్వు ఏడేళ్ళు మోసిన తప్పులో పెద్ద భాగం నాది. దించేసెయ్యి.

నీ రెండో ఉత్తరం చదివాక వెంకటశేషమ్మ గారి ఇంటికి పోయాను. పొరబడింది మీరు కాదు, మేమే అని చెప్పాను. నీ పెళ్ళి రోజు నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు, “ఏం మిలట్రీ, రస్కులు వేసినావా?” అంటుంది. ఇప్పుడు కూడా అంతా విని, ఆ పిలుపు మానను, నాకు అలవాటైపోయింది అంది. సరే అన్నాను. అది కూడా నేనే గదా.

ఆ కెనడావాళ్ళ సంగతి మన బజారులో అందరికీ చెప్పాను. బిస్కెట్ డబ్బాలతో బట్టీ కట్టడం మాటలు కాదు. లోపల మట్టి మందంగా ఉండాలి, లేకపోతే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. మా పటాలంలో కూడా ఒకసారి వంతెన కొట్టుకుపోతే నేను అలాంటిది కట్టాను. మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు, సిపాయికి అదేం గొప్ప అనుకున్నాను. మార్గరెట్ గారిని అడుగు, వాళ్ళ తాత మట్టిలో ఏం కలిపాడో. నేను గడ్డి కలిపాను.

గురువారం నేనూ అమ్మా వస్తున్నాం. పాల వ్యాను పెంచలకృష్ణ దింపుతానన్నాడు, బస్సులో బన్నుల రేకులు పట్టవు. శుక్రవారం ప్రార్థనకు వచ్చినవాళ్ళకు బన్నులూ కేకూ నావి. బయట ఎక్కడా ఆర్డరు ఇవ్వవద్దు. మీ అత్తగారికి ఏడు కేకులు బాకీ ఉన్నామని నాకూ తెలుసు, ఒకటి ఆమెకు విడిగా తెస్తాను. పతకాలు కూడా జేబులో వేసుకుని వస్తాను, ఫ్లోరా చూడలేదు. మీ మామగారు పెళ్ళిలో నన్ను ఏం చేస్తుంటారండీ అని అడిగాడు. నేను భోజనాలు చూడాలని చెప్పి లేచిపోయాను. ఈసారి కూడా అడగమను. నాకు చెప్పాలని ఉంది.

ఎంతమంది వస్తారో లెక్క చూసి అమ్మకు ఫోను చెయ్యి. బుధవారం పిండి కలపాలి.

మీ నాన్న,
సమాధానం