పన్ను నొప్పి అని చెప్పిన సిపాయి

అన్నకు, వదినకు, అమ్మకు సుజాత నమస్కారాలు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? సమ్మెతో బడులు మూతపడ్డాయి కదా, పిల్లలు మగ్గం గుంతలోకి దిగి ఆడకుండా చూడమని వదినతో చెప్పు. ఇక్కడ వానలు ఆగలేదు. బస్సులు లేవు. మా చీరల షాపు వారంలో రెండు రోజులు తెరిస్తే ఎక్కువ. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను.

ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి భయమేసింది, అందుకే నీ బావమరిది చేతికి ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ముందు నువ్వొక్కడివే చదువు. అమ్మకు తర్వాత మెల్లగా చెప్పు. మన తమ్ముడు నరేశ్ జైల్లో ఉన్నాడు. వాణ్ని ఎవరూ కొట్టలేదు. మళ్లీ రాస్తున్నాను అన్నా, కొట్టలేదు.

పోయిన వారం నువ్వు ఫోన్ చేసి, "ఎస్సై మంచోడే అంటున్నరు. జర ఠాణాకు తీస్కపోయి సంతకం పెట్టించు, అయిపోతది" అన్నావు. దిల్‌సుఖ్‌నగర్ రాస్తారోకోలో బస్సు అద్దాలు పగిలిన రోజు నుంచి, పోలీసులు వెతుకుతున్నారని తమ్ముడు నా గదిలోనే దాక్కున్నాడు. మూడు వారాలు కిటికీ కూడా తెరవలేదు. సగం అన్నం పళ్లెంలోనే వదిలేసేవాడు. నీ మాట చెప్పగానే, "నేను రాయి ఇసరలే అక్కా. గాళ్లను నమ్మొద్దు" అన్నాడు. "మన అన్న చెప్పిండు కదరా" అని నేనే ఒప్పించాను.

మర్నాడు పొద్దున ఇద్దరం బయలుదేరితే గేటు దగ్గర మా ఇంటి ఓనరు తాత ఆపారు. ఆంధ్రా ఆయన ఇంట్లో వాణ్ని పెట్టుకున్నావేంది అని నువ్వు కోప్పడ్డావే, ఆయనే. గోదావరి వైపు ఆయన. మిలిటరీ దవాఖానలో నర్సింగ్ పని చేసి రిటైరై ఈ కర్మన్‌ఘాట్‌లో ఇల్లు కట్టుకున్నారు. మూడు వారాలుగా అంతా తెలిసి కూడా ఒక్క మాట అడగలేదు. ఠాణాకు వెళ్తున్నామని చెప్పగానే మెట్ల మీద కూర్చుండిపోయారు.

"మీ తెలంగాణ ఉద్యమం నాకు నచ్చదమ్మా, ఆ సంగతి మీకూ తెలుసు. కానీ ఒక్క మాట విని వెళ్లండి" అన్నారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన్ను కొరియా పంపారట. అప్పటికి అక్కడ యుద్ధం ఆగింది. మా దేశానికి మేం వెళ్లం అన్న యుద్ధ ఖైదీలకు మన సైన్యాన్ని కాపలా పెట్టారట. చైనా వైపే ఉండిపోతామన్న అమెరికా సిపాయిలు కూడా ఇరవై మందికి పైగా ఉన్నారట వాళ్లలో. ఒకరోజు వాళ్లలో ఒకతను పన్ను నొప్పి అంటూ తాత దగ్గరికి వచ్చాడు. నోరు తెరిపించి చూస్తే పన్ను బాగానే ఉంది. తోటివాళ్లకు వినబడకుండా, ఇంటికి వెళ్లాలనుంది, వెళితే నన్నేమన్నా చేస్తారా అని అడిగాడట.

"నీ దేశం నిన్నేం చేస్తుంది, వెళ్లు బాబూ అని నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. మావాళ్లే తీసుకెళ్లి అమెరికా వాళ్లకు అప్పజెప్పారు. ఏమీ చేయరనే అనుకున్నాం అందరం. తర్వాత పేపర్లో చూశాను. సైనిక కోర్టు పెట్టి జైల్లో వేశారు. రానని అక్కడే ఉండిపోయినవాళ్లను సైన్యంలోంచి తీసేశారు కదా, వాళ్లు కొన్నేళ్లకు తిరిగొస్తే ఆ కోర్టు ఏమీ చేయలేకపోయింది. నా మాట నమ్మి ముందు వెళ్లినవాడే ఇరుక్కున్నాడమ్మా."

"అయితే నన్ను పోవద్దంటవా తాతా?" అన్నాడు నరేశ్.

"ఎల్లకాలం దాక్కుంటావేంట్రా? వెళ్లు. నోటి మాట పట్టుకుని మాత్రం వెళ్లకు. పక్కన వకీలుండాలి."

ఆయనే ఆటో మాట్లాడి, ఎల్బీనగర్ కోర్టుకు మాతో వచ్చారు. వకీళ్లు కోర్టులు బహిష్కరించినా ఇలాంటి కేసులకు వస్తున్నారట. ఒక వకీలమ్మ కాగితాలన్నీ చూసి, "ఒక్కటి కాదు, మూడు కేసులున్నయి. సంతకం పెట్టినంక ఇంటికి పంపుతరనుకున్నరా?" అంది. నీ తప్పు కాదన్నా. నీకు చెప్పినవాళ్లు అలా చెప్పారు.

నరేశ్ జడ్జి ముందే లొంగిపోయాడు. ఒంటి మీద దెబ్బలేవీ లేవని వకీలమ్మ పట్టుబట్టి రాయించింది. రెండు వారాలు రిమాండు. జామీనుకు నీ సంతకం కావాలి, వెంటనే బయలుదేరి రా. వాడికి రెండు జతల బట్టలు తే. వాడు కనబడితే కోప్పడకు. ఓనరు తాతతో కూడా మంచిగా మాట్లాడు.

వ్యాను ఎక్కేటప్పుడు నరేశ్ వెనక్కి తిరిగి, "తాతా, గా అమెరికాయన పేరేంది?" అని అడిగాడు.

"అడగలేదురా. రిజిస్టరులో ఖైదీ నంబరు రాసుకున్నానంతే" అన్నారు తాత.

వ్యాను కదిలింది. మలుపు తిరిగేదాకా ఆయన అలాగే నిలబడ్డారు. తర్వాత జేబులోంచి పెన్ను, చిన్న పుస్తకం తీసి నా వైపు తిరిగారు. "మీ తమ్ముడి పూర్తి పేరు చెప్పమ్మా. మీ నాన్నగారి పేరు, ఊరి పేరు కూడా" అన్నారు. ఒక్కొక్కటే చెప్పాను. ఆయన అన్నీ రాసుకున్నారు.

పెద్దలందరికీ నా దండాలు. వాడు క్షేమంగా తిరిగి రావాలని అమ్మను దీవించమను.

నీ రాక కోసం చూస్తూ,
నీ చెల్లెలు
సుజాత