సరి సంఖ్య ఫ్లాపీల వాటాదారు విన్నపం

పాత వీడియో గేములను భద్రపరచు విభాగం అధికారిగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అన్నదమ్ముల వీడియో గేము మూలప్రతిని రెండు ఇళ్ల నుంచి ఒకే గదికి రప్పించుట గురించి.

1. కుర్రతనంలో మా అన్నయ్యా నేనూ కలిసి ఒక గేము తయారుచేసియుంటిమి. దాని మూలప్రతి పది ఫ్లాపీలలో గలదు. తదుపరి మేము వేరుపడినప్పుడు, పెద్దమనిషిగా కూర్చున్న మా మేనమామ గిన్నెలూ మంచాలూ పంచి, చివరికి ఫ్లాపీల పెట్టె అందుకుని, "చెరి అయిదూ తీసుకోండర్రా, రేపు నన్నెవరూ అనకూడదు" అని తీర్పు చెప్పిరి. బేసి సంఖ్యలవి అన్నయ్యకు, సరి సంఖ్యలవి నాకు సంక్రమించినవి.

2. ఫలితముగా, గేములోని మనిషి నడక నా వాటాకు, గెంతడం అన్నయ్య వాటాకు వచ్చినవి. నా వాటా మట్టుకు నడిపించి చూడగా, సదరు మనిషి నిక్షేపంగా నడుచుకుంటూ పోయి మొదటి గోతిలోనే పడుచున్నాడు. అన్నయ్య ఇంట్లో నిలబడిన చోటే గెంతుతున్నాడని వదిన చెప్పినది.

3. తమ నిబంధన ప్రకారం మూలప్రతి పూర్తిగా, ఒకరి చేతి మీదుగానే అందవలెనట. అయ్యా, అన్నయ్య జిరాక్సు కొట్టు నా గడియారాల కొట్టుకు ఎదురుగానే ఉన్నది. మాటలు మాత్రం లేవు. ఎందుకు మానేశామో నాకు సరిగ్గా గుర్తులేదు, అడిగితే ఆయనకూ గుర్తుండదు. వదినను రాయబారం అడిగితే, "ముందు వాణ్ణే రమ్మను అంటారు మీ అన్నయ్య. నువ్వేమో ఆయన్నే రమ్మంటావు. మధ్యలో నా కాళ్లు అరిగిపోతున్నాయి నాయనా" అన్నది. న్యాయమే.

4. ఇంతలో నా వాటాలో ఒక ఫ్లాపీకి బూజు పట్టినది. తుడిచితిని, పోలేదు. అన్నయ్యవి ఎలా ఉన్నవో అడుగుటకు నోరు రాలేదు. ఇంకా ఆలస్యమైతే గేము ఎవరికీ దక్కదు.

కావున మా ఇద్దరికీ వేర్వేరుగా, ఒకే రోజు ఒకే వేళకు ఎవరి ఫ్లాపీలతో వారు హాజరు కావలసిందిగా నోటీసులు పంపించగలరు. రాకపోతే చర్య తీసుకుంటామని కూడా రాయించండి, అన్నయ్యకు ఆఫీసు ముద్రలంటే భయం. గదిలో కుర్చీలు రెండు పక్కపక్కనే వేయించితే మేలు.

పై సంగతులన్నీ పెద్దమనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెండో వాటాదారు

వి.సూ.: ఈ అర్జీ నేను పెట్టినట్టు అన్నయ్యకు తెలియనివ్వకండి. ఒకవేళ ఫ్లాపీలన్నీ పాడైపోయాయని మీవాళ్లు తేల్చినా, ఆ మాట వెంటనే చెప్పకండి సార్. మమ్మల్ని కాసేపు అక్కడే కూర్చోనివ్వండి.