పేరు తెస్తే పంపు ఆపుతారట

ప్రియమైన అక్కకు,

ఫోన్ చేస్తే ఏడుస్తానని తెలిసి, ఉత్తరం రాసి పార్సిల్లో పెడుతున్నాను. మనం పనిచేసే మ్యూజియం వెనక గుట్ట కింద ఊట ఉంది కదా, పరీక్ష తప్పినప్పుడల్లా మనం వెళ్లి కూర్చునే చోటు? అక్కడ పంపు పెడతారట. రాళ్లు తీసేసి సిమెంటు తొట్టి కడతారట. ఆ నాచులో ఆవగింజంత నత్తలున్నాయి. మన దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను, ఏ బొమ్మకూ సరిపోవు. నీళ్ల ఆఫీసరు దగ్గరికి వెళ్తే ఆయన మంచిగానే మాట్లాడారు. “పేరు లేనిదాన్ని ఫైల్లో ఏమని రాయమంటావమ్మా? పేరు పట్టుకురా, పంపు ఆపిస్తాను” అన్నారు.

మన దేశంలో నత్తల్ని గుర్తుపట్టి పేరు పెట్టగలిగేవాళ్లు ఎవరున్నారు? ఆ పని నేర్చుకోవడానికి విదేశం వెళ్లిన నువ్వొక్కదానివే. చిన్న సీసాలో కొన్ని పంపుతున్నాను, త్వరగా చూడు. గుట్ట మీద బుల్డోజర్ చప్పుడు వినిపిస్తే చాలు, ఊట దగ్గరికి పరుగెత్తుతున్నాను.

నీ పిరికి చెల్లి

చిట్టి పిరికిదానా,

సీసా అందింది. ఇక్కడ పది దేశాల వాళ్లం ఒకే బల్ల చుట్టూ కూర్చుని నత్తల కడుపులు కోస్తున్నాం. మాకు నేర్పే పెద్దాయన్ని నేను తాతగారు అంటుంటే, అర్థం తెలియకపోయినా మిగతావాళ్లూ అలాగే పిలుస్తున్నారు. నీ నత్తల్ని చూసి ఆయన చాలాసేపు మైక్రోస్కోపు వదల్లేదు. కొత్త జాతే అయి ఉండొచ్చన్నారు. కానీ నువ్వు పంపినవన్నీ పిల్లలు. తేల్చి చెప్పాలంటే ఎదిగిన మగదాన్ని కోసి చూడాలి. పైనుంచి చూస్తే ఏది మగదో ఏది ఆడదో ఆ నత్తకే తెలియాలి!

కాబట్టి పెద్దవి కనబడినవన్నీ తీసుకో, నాచుతో సహా. జాలిపడకు. కంటికి కనబడినవాటికి పదింతలు లోపల ఉంటాయని చెరువుల్లో మనమే లెక్క చూశాం కదా. ఆలస్యం చేయకు. నీ ఉత్తరాలు ఇప్పటికే నత్తలతో పందెం వేసుకున్నట్టు వస్తున్నాయి.

నీ అక్క

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. నాచు ఊడదీసి, నీ కొడుక్కి స్నానం చేయించిన నీలం టబ్బులో ఊటనీళ్లు పోసి నానబెట్టాను. ఈసారి పిల్లలు కనబడలేదు. పెద్దవన్నీ ఏరి స్పిరిట్‌లో వేశాను. అవి పడగానే తలుపేసుకున్నట్టు మూత బిగించుకుంటాయి చూడు, అప్పుడు మొహం తిప్పుకున్నాను.

ఒక మాట అక్కా. చివర్లో రాళ్లు తిరగేసి చూస్తే ఒక్కటీ కనబడలేదు. లోపల ఉంటాయి కదూ? పదింతలు ఉంటాయన్నావు కదూ? ఎందుకో భయమేస్తోంది. ఏమీ కాదని ఒక్క ముక్క రాయి.

నీ చెల్లి

నా బంగారు చెల్లికి,

గెలిచాం! మగవి దొరికాయి. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అని తాతగారు తేల్చేశారు. బొమ్మలు నేనే గీశాను. ఆయన పక్కనే కూర్చుని ప్రతి గీతా సరిచూశారు. పేరు కూడా నాతోనే పెట్టించారు. మా వ్యాసం అచ్చుకు తీసుకున్నారని తెలియగానే నీళ్ల ఆఫీసరుకు పంపించాను. పంపు ఆపుతున్నట్టు జవాబిచ్చారు. మాట మీద నిలబడ్డారు, ఆయనకు నా దండాలు చెప్పు.

నువ్వు అడిగినదానికి వెంటనే రాయలేదని కోపమా? పని హడావిడిలో పడిపోయానే. అయినా భయపడటం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే కదా. ఇక హాయిగా నిద్రపో.

నీ అక్క

అక్కా,

ఊట దగ్గర బోర్డు పెట్టారు. నువ్వు పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో రాసి, కింద ‘ఈ నత్త ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు’ అని రాశారు.

ఇక్కడా లేదు అక్కా. రోజూ వెళ్తున్నాను. రాళ్లు, రాలిన ఆకులు, ఊట పారినంత మేరా జల్లెడ పట్టి చూశాను. చెరువు లెక్క ఊటకు పనికిరాలేదు. ఆ కాస్త చోటులో కనబడినవే మొత్తం. పంపు రాకముందే నేను ఊడ్చేశాను. నిన్న ఆఫీసరు వచ్చి “ఏదమ్మా, మనం కాపాడిన నత్తను నాకూ ఒకసారి చూపించు” అన్నారు. చలికి బయటికి రావని అబద్ధం చెప్పాను. ఎవరితోనూ అనలేను. నేనేం చేశాను అక్కా?

చెల్లి

చిట్టీ,

ఏరమని రాసింది నేను. నువ్వు భయపడి అడిగితే పట్టించుకోనిదీ నేనే. ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదెందుకు?

విషయం తాతగారికి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు, “ఆ నాచును మీ చెల్లి ఏం చేసింది?” అని. ఇలాంటి నత్తల గుడ్లు నాచుకు అంటుకుని ఉంటాయట, మామూలు కంటికి ఆనవట. పారేశావా? ఎక్కడ పారేశావు? ఇన్నాళ్లూ నిన్ను పిరికిదానివని ఏడిపించాను. భయమంటే ఇలా ఉంటుందని నాకు తెలియదే. వెంటనే రాయి.

అక్క

ప్రియమైన అక్కకు,

పారేయలేదు. మూడుసార్లు ఏరనిదే నాచు పారేయకూడదని నువ్వు నేర్పిన పద్ధతే కదా. రెండుసార్లు ఏరాను. మూడోసారి ఏమైనా దొరికితే దాన్నీ చంపాల్సి వస్తుందని ముట్టుకోలేదు. టబ్బు వెనకగదిలో కిటికీ కింద అలాగే ఉండిపోయింది. నాచు ఎండిపోతుంటే చూడలేక అప్పుడప్పుడు ఊటనీళ్లు పోస్తూ వచ్చాను.

నీ ఉత్తరం చదివి భూతద్దం పట్టుకుని పరుగెత్తాను. టబ్బు గోడకు, నీళ్లకు కాస్త పైన, సన్నటి ఇసుక పట్టి ఉంది. తుడవబోయాను. ఇసుక కదిలింది.

అక్కా, ఆ జాతి మొత్తం ఇప్పుడు నీ కొడుకు స్నానాల టబ్బులో ఉంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ధైర్యం లేదు. ఊట ఖాళీ అయినప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ భయమేస్తోంది. నీళ్లు మార్చాలా వద్దా, ఏం తింటాయి, ఎండ తగిలితే ఏమవుతుంది, ఎప్పుడు తిరిగి ఊటలో వదలాలి, ఏదీ తెలియదు. మనకు చంపి సీసాలో పెట్టడం నేర్పారు. నీకు పేరు పెట్టడం కూడా నేర్పారు. బతికించడం ఎవరు నేర్పుతారు? తాతగారిని అడుగు. ఆయనకు తెలియకపోతే ఆ బల్ల చుట్టూ ఉన్న పది దేశాల వాళ్లనీ అడుగు. నేర్చుకుని త్వరగా రా.

నువ్వు వచ్చేదాకా ఆ గది తలుపు చప్పుడయ్యేలా కూడా వేయను.

నీ పిరికి చెల్లి