బోర్డు మీద యాభై రెండు

మేడ్చల్,
6-3-1999.

చిరంజీవి ఎల్లేష్‌కు నాయిన దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. సిద్దిపేటలో మీ మేనమామ ఇంట నువ్వూ కులాసా అనుకుంటాను.

ఎడమచేత్తో రాసిన నీ ఉత్తరం అందింది. అక్షరాలు తాగి నడిచినట్టున్నాయని మీ అమ్మ నవ్వబోయి ఏడ్చింది. కుడిచెయ్యి ఇంకా సలుపుతోందన్నావు, కొబ్బరినూనె రాయమంది.

మొన్న గురువారం ఫ్యాక్టరీలో భద్రతా దినోత్సవం. గేటు పక్కన 'ప్రమాదం జరగని రోజులు' అని నల్లబోర్డు ఉంది కదా, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో అంకె మార్చేది వాచ్‌మన్‌నైన నేనే. ఆ రోజుకు వెయ్యి. షీల్డు ఇవ్వడానికి పెద్దలొస్తున్నారని మేనేజరు హేమచంద్ బోర్డుకు బంతిపూల దండ వేయించాడు. కార్లు మలుపు తిరుగుతుండగా వెయ్యి తుడిచేసి యాభై రెండు రాశాను.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు బోర్డు ముందే ఆగాడు. "యాభై రెండేమిటి?"

"జనవరి పదకొండు నుంచి లెక్క సార్. ఏడో నంబరు ప్రెస్సు మిషిను నా కొడుకు నాలుగు వేళ్లు తీస్కున్నది. పని జల్దీ గావాల్నని చేతులకు అడ్డముండే ముంగటి జాలీ గీ మేనేజరు సారే తీపిచ్చిండు."

"ఆ కుర్రాడు స్కూటరు మీంచి పడ్డాడండీ" అన్నాడు హేమచంద్.

"మా ఇంట్ల సైకిలు సుత లేదు సార్."

హేమచంద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కడుపునిండా చూశాను. షీల్డు వచ్చిన కారులోనే తిరిగిపోయింది. సాయంత్రానికి నన్ను పనిలోంచి తీసేశారు, తీసేయనీ. ఆ ప్రెస్సు కింద వాడి చెయ్యే పెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో. వాణ్ణి కోర్టు మెట్లెక్కించేదాకా నా మంట చల్లారదు.

ఇక నీ ప్రశ్న. 'దెబ్బ తగిలిన తెల్లారి గా అంకె ఎవరు పెంచిండ్రు నాయినా?' అని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ తప్పించుకున్నాను. నేనే పెంచాను బిడ్డా. ఆసుపత్రిలో నీ పక్క నుంచి లేచి వచ్చి తొమ్మిది వందల నలభై తొమ్మిది అని రాశాను. నోరు మెదపకపోతే గేటు దగ్గర నీకు కుర్చీ వేసి కొలువిస్తానన్నాడు హేమచంద్. నమ్మి యాభై ఒక్క పొద్దులు రాశాను.

బుధవారం ఆ కుర్చీ సంగతి అడిగాను. "వేళ్లు లేనివాడు సలాం ఎలా కొడతాడయ్యా" అని నవ్వాడు. ఆ నవ్వుకే తెల్లారి యాభై రెండు రాశాను. కుర్చీ ఇచ్చుంటే ఆ వెయ్యిని తుడిచేవాణ్ణి కాదేమో.

పదిహేనో తారీకు సోమవారం ఇన్‌స్పెక్టరు నీ మాట రాసుకుంటాడట. ముందురోజే రా. చేతికి రుమాలు చుట్టుకోకు. హేమచంద్ పేరు చెప్పేటప్పుడు నా పేరు వదిలిపెట్టకు.

ఇట్లు,
నీ నాయిన,
కుర్మయ్య.