మూడోసారి గుంజిన తాళం

రఘూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ షాపు ముందు నువ్వు ఏరుకొచ్చిన కుక్కపిల్ల బంటి సంగతి రాస్తున్నాను. చదవవని తెలుసు. బతికున్నప్పుడు మాత్రం నేను రాసిపెట్టిన చీటీలు ఎన్ని చదివావు?

రోజూ రాత్రి గేటుకి తాళం వేసి, గోనెపట్టా పరిచి పిలుస్తాను. ఆ కుక్క నా చెప్పు కరుచుకుని మంచం చుట్టూ పరుగులు తీస్తుంది. అలిసిపోయాక కూడా పడుకోదు, గుమ్మంలో కూర్చుంటుంది. నీకోసం చూస్తోందనుకుని నేనూ పక్కనే కూర్చునేదాన్ని. నాంపల్లి స్టేషన్ నుంచి వినిపించే రైళ్ల ప్రకటనలు వింటూ ఇద్దరం.

నిన్న ఎదురు వాటా సత్తెమ్మ మమ్మల్ని చూసి నవ్వింది.

"సారు తాళమేసి మూడుసార్లు గుంజెటోడు. గా చప్పుడైతెనే గిది పండేది. నువ్వు జర గుంజి చూడరాదు, బిడ్డా."

ఆ మూడుసార్ల గురించి నిన్ను ఎంత ఎగతాళి చేశాను. "నీ చేత్తో వేసిన తాళాన్నే నమ్మనివాడివి, నన్నేం నమ్ముతావు" అని కూడా అన్నాను. నువ్వు మళ్లీ గుంజేవాడివి. అది అనుమానమో, మా మీద శ్రద్ధో ఇప్పటికీ తేల్చుకోలేను.

రాత్రి నేనూ గుంజాను. మూడో చప్పుడుకి బంటి చెప్పు వదిలేసి పట్టా మీద ముడుచుకుంది. నిమిషంలో గురక.

దానికి కావలసింది ఆ చప్పుడేనట. ఏడాదిగా నీకోసం మేలుకుని ఉన్నది ఇద్దరమనుకున్నాను. నేనొక్కదాన్నే.